గొలుసుబండి నిర్మాత బెంజమిన్ హోల్టు

ఈ రజతోత్సవ సంచికకు ఒక జీవితచరిత్రము వ్రాయవలసినదని కార్యవర్గమువారు నన్ను కోరిరి. కవుల చరిత్రములు, దేశభక్తుల చరిత్రములు నాకంటె యోగ్యులైన మిత్రులు వ్రాయుచున్నారు గనుక నేను వేరొక త్రోవ త్రొక్కితిని. మన గ్రంథాలయమునకు ప్రొద్దుగ్రుంకిన పిదప వచ్చు చదువరులలో డోజరు నడుపువారును, మరమ్మతు పని చేయువారును కొందరు గలరు. చేతుల కంటిన నల్లని ఆయిలు పూర్తిగ వదలకున్నను, పత్రికను మాత్రము మాయకుండ పట్టుకొని చదువుదురు. వారు దినదినము నెక్కి దిగు యంత్రమునకు ఒక చరిత్ర కలదు. దానిని పొలములోనికి దింపిన మనుష్యుడు అమెరికా దేశస్థుడైన బెంజమిన్ హోల్టు.

భారతము విన్నవారికి చక్రము నేల గ్రుంగుట యెంతటి విపత్తో చెప్పనక్కరలేదు. కర్ణునంతటి విలుకాడు, శల్యునంతటి సారథి యుండియు, రథచక్రము భూమిలో దిగబడినంతనే యుద్ధము ముగిసినది. కాలిఫోర్నియా రైతులకు గూడ అటువంటి శాపమే తగిలియుండెను. దానికి విమోచనము కనుగొనుటలో హోల్టు తన నడివయస్సును గడపెను.

ఆయన 1849వ సంవత్సరము జనవరి 1వ తేదీన, సంయుక్తరాష్ట్రముల ఈశాన్యభాగముననున్న న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమున జన్మించెను. తండ్రి కలప కోత మిల్లు నడుపుచుండెను. అన్నయగు చార్లెసు ముందుగ పడమటి తీరమునకు బోయి, శాన్ ఫ్రాన్సిస్కో నగరమున బండ్లకు, చక్రములకు పనికివచ్చు చేవకలప వ్యాపారము ప్రారంభించెను. ఆ వ్యాపారములో ఒక చిక్కు వచ్చిపడెను. తూర్పుదేశపు తేమగాలిలో ఆరిన కలప, పడమటి పొడిగాలికి వచ్చిన పిదప మరల కుంచించుకొనిపోవుచుండెను. ఆకులు పూటీలలో వదులై చక్రము వట్టిపోవుచుండెను. పచ్చి తుమ్మతో చక్రము చేసినచో వేసవిలో ఇనుపకట్టు జారునని మన వడ్రంగులును ఎరుగుదురు గదా! వేడిమియు పొడిగాలియు గల స్టాక్టన్ పట్టణమున కలపను ఆరబెట్టి, అచ్చటనే చక్రములు చేయుట మేలని సోదరులు నిశ్చయించి, 1883లో స్టాక్టన్ చక్రముల కంపెనీని స్థాపించిరి. దానిని చూచుకొనుటకు బెంజమిన్ ఆ సంవత్సరమే వచ్చెను. అప్పటికి ఆయన వయస్సు 34 సంవత్సరములు. తరువాతి 37 సంవత్సరములును ఆయన కార్యక్షేత్రము ఆ పట్టణమే.

చక్రములు చేయుటతో ఆయన తృప్తిపడలేదు. ఆ ప్రాంతమున గోధుమ విస్తారముగ పండుచుండెను. కోతయు నూర్పిడియు నొక్కసారిగ చేయు పెద్ద యంత్రములను 20కి పైగా గుఱ్ఱములు లాగుచుండెను. నేలపై దొర్లు పెద్ద చక్రమునుండియే లోపలి పరికరములన్నిటికి కదలిక రావలెను. ఆ కదలికను మోయునవి పండ్లచక్రములు, అనగా గేర్లు. గుఱ్ఱములు బెదరి ఉరికినను, చక్రము గుంతలో పడినను ఆ తాకిడి గేర్ల పండ్లమీద పడి అవి విరుగుచుండెను. పన్ను విరిగినచో క్రొత్త గేరు పోతపోసి తెచ్చువరకు పంట పొలములో నిలిచియుండవలసినదే. 1886లో హోల్టు గేర్లకు బదులుగ కొక్కెముల గొలుసులను వాడి కోతయంత్రమును నిర్మించెను. గొలుసు కొంత సాగును, తాకిడి నోర్చుకొనును. తెగినను ఒక లంకెను మార్చుకొని అరగంటలో పని సాగించవచ్చును. చప్పుడు కూడ తక్కువ. శక్తి పుట్టుచోటు ఒకటి, పని జరుగుచోటు మరియొకటి. ఆ రెంటి నడుమ నున్న మార్గమే యంత్రమునకు ప్రాణస్థానమని ఆయన అప్పుడే గ్రహించినట్లు నాకు తోచును. తరువాత ఆయన జీవితమున వచ్చిన కష్టములన్నియు ఆ నడిమి మార్గమున వచ్చినవే.

1890లో ఆయన మొదటి ఆవిరి ట్రాక్టరును చేసెను. దాని బరువు 24 టన్నులు. గుఱ్ఱముల మేత, వాటి చాకిరి తప్పినవని పెద్ద రైతులు సంతోషించిరి. 1892లో కంపెనీ పేరు హోల్టు మాన్యుఫాక్చరింగ్ కంపెనీగ మారినది. కొండవాలులలో ఒరగకుండ నడచు కోతయంత్రములు గూడ ఆ కాలముననే వెలువడినవి. వాటిని గూర్చి విస్తరింపను.

అసలు కథ స్టాక్టన్ పట్టణమునకు ప్రక్కనున్న డెల్టాభూములలో నున్నది. శాన్ హోవాకిన్, శాక్రమెంటో అను రెండు నదులు కలియుచోట వేలకొలది సంవత్సరములుగ తుంగయు జమ్మును పెరిగి, కుళ్ళి, నల్లని మెత్తని నేలయై పేరుకొనినది. కట్టలు పోసి, నీరు తోడి, ఆ భూమిని సేద్యమునకు తెచ్చిరి. అది బంగారము వంటి నేల. కాని కాలు మోపిన మోకాటివరకు దిగును. కొల్లేటి అంచులలో నడచినవారికి ఇది తేలికగ అర్థమగును. గుఱ్ఱముల గిట్టలకు వెడల్పాటి పీటలవంటి చెప్పులు తొడిగి దున్నుచుండిరి. అట్టిచోట 24 టన్నుల ఇనుమును ఏ చక్రము మోయగలదు? చక్రమును వెడల్పు చేసినచో బరువు పరచుకొనునని అందరివలె హోల్టును మొదట తలచి, చక్రముల ప్రక్క చక్రములు చేర్చెను. కడకు ఒక ట్రాక్టరు మొత్తము వెడల్పు 46 అడుగులకు చేరినది. అది రోడ్డుమీద పోలేదు, వంతెన దాటలేదు, మలుపు తిరుగుట మహాప్రయాస. వెడల్పు పెంచిన కొలది బరువును పెరిగి, పొందిన లాభము పోవుచుండెను.

అప్పుడు ఆయన చక్రమును విడిచిపెట్టెను. 1904 నవంబరు 24వ తేదీన, ఆ దేశపు కృతజ్ఞతా పండుగనాడు, 77వ నంబరు ఆవిరి ట్రాక్టరు వెనుక చక్రములను తీసివేసి, వాటికి బదులుగ 9 అడుగుల పొడవు గల తిరుగుడు పట్టాలను గొలుసులతో బిగించి, ఆ మెత్తని నేలమీద నడిపించిరి. పట్టాకు కొయ్యపలకలే తాపడము. యంత్రము తన త్రోవను తానే పరచుకొనుచు, దానిమీద నడచి, వెనుకనుండి తానే చుట్టుకొనుచు ముందుకు సాగెను. మనుష్యుడు దిగబడు చోట అది దిగబడలేదు.

ఇట్టి ఆలోచన లోకమున హోల్టునకే మొదట వచ్చినదని చెప్పుట న్యాయము గాదు. మెయిన్ రాష్ట్రమున ఆల్విన్ లొంబార్డు అనునతడు మంచుమీద దుంగలు లాగుటకు ఇటువంటి పట్టాల యంత్రమునకు 1901లోనే పేటెంటు పొందెను. ఇంగ్లండున హార్న్‌స్బీ కంపెనీవారు 1905లో గొలుసు పట్టాల యంత్రమును నడిపిరి. కాని రైతు కొనదగిన, నడుపదగిన, బాగుచేసికొనదగిన వస్తువుగ దానిని మలచి పొలములోనికి దింపినవాడు హోల్టు. అంగట నిలువని ఆవిష్కరణము తాళపత్రములలోనే చెదలుపట్టిన కావ్యము వంటిది. ఆయన పేటెంటు 1907 డిసెంబరులో మంజూరైనది.

యంత్రము ప్రాకుట చూచి ఫోటోగ్రాఫరొకడు దానిని గొంగళిపురుగుతో పోల్చెననియు, ఆ మాట హోల్టునకు నచ్చి క్యాటర్‌పిల్లర్ అను పేరు నిలిచెననియు కథ కలదు. 1910లో అది వ్యాపారచిహ్నముగ నమోదైనది. పురుగు పేరు పెట్టుకొనుటకు సిగ్గుపడని వర్తకుని నేను మెచ్చుకొందును. మన దేశమున నైనచో గజేంద్రుడనియో, ఐరావతమనియో పెట్టియుందురు.

ఆవిరియంత్రమునకు బొగ్గు కావలెను, నీరు కావలెను, మనుష్యులు పెక్కురు కావలెను. అందుచేత హోల్టు 1906 నాటికే పెట్రోలు ఇంజనుతో నడచు యంత్రములను ప్రయోగించి, 1908లో అమ్మకమునకు పెట్టెను. ఇక్కడనే ఆయనకు గొప్ప పరీక్ష ఎదురైనది. లాస్ ఏంజిల్స్ నగరమునకు 233 మైళ్ళ దూరమునుండి నీరు తెచ్చు కాలువను ఇంజనీరు విలియం మల్‌హాలండ్ ఆధ్వర్యమున త్రవ్వుచుండిరి. మొహావీ ఎడారిమీదుగ ఉక్కు, సిమెంటు మోయవలసియుండెను. కంచరగాడిదల కంటె యంత్రములు చౌకయగునని తలచి నగరమువారు హోల్టు ట్రాక్టర్లను 28 కొనిరి. స్టాక్టన్ మెత్తని నేలలో గెలిచిన యంత్రము ఎడారిలో నిలువలేకపోయెను. ఇసుకధూళి గేర్లలో జొరబడి, పోతయినుప పండ్లను ఆకురాయివలె అరగదీసెను. గేరుపెట్టెలో నున్నవి రెండు వేగములు మాత్రమే. అందు తక్కువ వేగము కూడ కొండయెక్కుటకు తగినంత తక్కువ కాదు. అందుచేత ఇంజను ఉక్కిరిబిక్కిరియై, ఆ బిగువంతయు గేర్లమీద పడెను. స్ప్రింగులు విరిగెను. యంత్రములు నడచుటకంటె నిలుచుటయే హెచ్చాయెను. చివరకు లెక్క చూచుకొనగా గాడిదలే చౌకయని తేలి, నగరమువారు వాటికే మరలిరి.

లెక్కలు వ్రాయువాడను గనుక ఆ లెక్క తప్పని నేననను. కొన్నవారికది నష్టమే. హోల్టు మాత్రము ఆ విరిగిన గేర్లను సిగ్గుపడి పారవేయలేదు. ఏ భాగము ఎందువలన చెడినదో ఒక్కొక్కటిగ తెలిసికొనెను. పోతయినుము స్థానమున ఉక్కు గేర్లను పెట్టెను. స్టాక్టన్‌లోనే కూర్చుండినచో పది సంవత్సరములకైనను తెలియని లోపములు ఎడారి ఒకటి రెండు సంవత్సరములలో బయటపెట్టినవి.

ఆ యంత్రముల వంశమునకు చెందిన పాత చైను ట్రాక్టర్లు, డోజర్లు నేటికిని పనిచేయుచున్నవి. వాటిలో గేరుపెట్టె పోయినదని మేస్త్రీ నోట వినబడగానే యజమాని గుండె గుభిల్లుమనును. పెట్టె విప్పుటకు దినములు పట్టును, సొమ్ము నీళ్ళవలె పోవును, కాలువపని కాలము దాటిపోవును. తీరా విప్పిన పిదప, దోషము పెట్టెలో గాక వేరొకచోట నున్నట్లు తేలుట అరుదు గాదు. కనుక హోల్టు చూచినట్లే, ఇంజనునుండి నేలవరకు శక్తి నడచు మార్గమును వరుసగ చూచుకొనుట మంచిది. అనుభవజ్ఞులైన మేస్త్రీలు చేయునది ఇదియే. జీవితచరిత్రమును క్షణకాలము నిలిపి ఆ మార్గమును వర్ణించుటకు చదువరులు అనుమతింతురు గాక.

ఇంజను వెనుక మెయిన్ క్లచ్చి. దాని వెనుక గేరుపెట్టె. దాని వెనుక క్రౌను, పినియను. ఇవి నిడివిగ వచ్చిన తిరుగుడును అడ్డముగ త్రిప్పును. ఆ అడ్డ షాఫ్టుకు కుడియెడమల ఒక్కొక్క ప్రక్క క్లచ్చి, ఒక్కొక్క బ్రేకు. వాటి ఆవల ఫైనల్ డ్రైవు గేర్లు, స్ప్రాకెట్టు, పట్టా. కారునకువలె ముందు చక్రములు త్రిప్పి మలుపు తిరుగుట దీనికి లేదు. హోల్టు తొలి యంత్రములకు ముందొక చిన్న చక్రముండెడిది గాని, గట్టి మలుపునకు ఒకప్రక్క పట్టాకు శక్తిని త్రెంపుటయే సాధనము. తరువాత ఆ ముందు చక్రము పోయి, ప్రక్క క్లచ్చులే మిగిలినవి.

బరువు పడినప్పుడు ఇంజను గర్జించుచు పట్టాలు రెండును ఒక్కమారే మందగించినచో మొదట అనుమానింపవలసినది మెయిన్ క్లచ్చిని. పాత యంత్రములలో దీనికి చేతి లీవరుండును. లీవరు తోయునప్పుడు ఒకచోట బాగుగ బిగిసి, టక్కున దాటి నిలువవలెను. వెన్నలోనికి కత్తి దిగినట్లు మెత్తగ పోయినచో సర్దుబాటు వదులైనదని అర్థము. దానిని బిగించుట గంట పని. అట్లుగాక బరువు లాగునప్పుడు బండి తనంతట తాను ఒకవైపునకు ఒరసికొని పోవుచున్నచో, ఏ వైపునకు పోవుచున్నదో ఆ వైపు ప్రక్క క్లచ్చి జారుచున్నది. పరీక్షకొక ఉపాయము కలదు. ఎదుట మనుష్యులెవ్వరును లేకుండ చూచుకొని, పై గేరు వేసి, రెండు బ్రేకులును గట్టిగ పట్టి, మెయిన్ క్లచ్చిని కలుపవలెను. ఇంజను ఆగిపోయినచో మెయిన్ క్లచ్చి గట్టిదే. ఆగక తిరుగుచుండినచో అది జారుచున్నది. ఆ పరీక్షలో నెగ్గియు, తక్కువ గేరులో బరువు లాగునప్పుడు మాత్రము జారినచో దోషము ప్రక్క క్లచ్చులది. ఏలనన గేరుపెట్టె తక్కువ గేరులో త్రిప్పుబలమును హెచ్చించి పంపును. ఆ హెచ్చిన బలము పడునది పెట్టెకు వెనుకనున్న ప్రక్క క్లచ్చులమీదనే గాని ముందున్న మెయిన్ క్లచ్చిమీద గాదు. ఇది తెలిసినవానికి పెట్టె విప్పకుండనే సగము రోగము తెలియును.

ప్రక్క క్లచ్చులకు రెండు రోగములు ముఖ్యము. ఒకటి, పొడిగ నుండవలసిన పళ్ళెములమీదికి అరిగిన సీలు గుండ ఆయిలు చేరి జారుట. ఆ గది అడుగున బిరడా యుండును. దానిని విప్పి చూచిన ఆయిలు కారునో లేదో తెలియును. కారినచో కిరసనాయిలుతో కడిగిన కొంతకాలము నడచును గాని, సీలు మార్చువరకు రోగము పోదు. రెండవది దీనికి వ్యతిరేకము. వర్షాకాలమంతయు చెట్టుక్రింద నిలిపిన బండిలో పళ్ళెములు త్రుప్పుపట్టి ఒకదానికొకటి అతుకుకొనును. అప్పుడు లీవరు లాగినను బండి తిరుగదు. విప్పుటకు ముందు ఇంజనును బాగుగ వేడెక్కించి, లీవరు లాగిపట్టి, ఆ ప్రక్క బ్రేకును పలుమారులు త్రొక్కి చూచిన, కొన్ని వేళల అతుకు వీడును.

ఇక చప్పుళ్ళు. గేరు వేయకుండ మెయిన్ క్లచ్చిని కలిపినప్పుడే చప్పుడు వచ్చినచో పెట్టె ముందుభాగపు షాఫ్టు బేరింగులను శంకింపవలెను. ఒక గేరులో మాత్రమే వచ్చినచో ఆ గేరు జంటది. అన్ని గేర్లలోను బండి కదలునప్పుడు వచ్చి, గేరు తీసినంతనే ఆగినచో దోషము క్రౌను పినియనులలో గాని, ఆ వెనుక గాని యుండును. అప్పుడు ఒకప్రక్క లీవరు లాగి బ్రేకు త్రొక్కి ఆ పట్టాను నిలుపవలెను. చప్పుడు ఆగినచో ఆ ప్రక్క ఫైనల్ డ్రైవుది. ఏ ప్రక్క నిలిపినను ఆగనిచో క్రౌను పినియనుది. గేరు మార్చునప్పుడు పండ్లు కరకరలాడుట పెట్టె దోషమే కానక్కరలేదు. క్లచ్చి విడదీసిన పిదపను షాఫ్టు తిరుగుచుండకుండ ఆపు చిన్న బ్రేకు అరిగియుండవచ్చును. గేరు దానంతట అది ఊడివచ్చుచున్నచో మాత్రము పండ్ల అంచులు వాలుగ అరిగినవి, లేదా గేరును పట్టియుంచు మీట అరిగినది. స్ప్రాకెట్టు చుట్టు తిరిగినప్పుడెల్ల టక్కుమను శబ్దమునకు పెట్టె నిందింపక మునుపు పట్టా బిగువును, స్ప్రాకెట్టు పండ్ల నడుమ గట్టిపడిన బురదను చూచుట వివేకము. పార ఖర్చుతో పోవు రోగమునకు శస్త్రచికిత్స యేల?

ఆయిలు దింపినప్పుడు వట్టి డబ్బాలో పోసి పారవేయరాదు. అది రోగి నాడివంటిది. బూడిదరంగు బురద కొంచెముండుట సహజము. మెరయు ఉక్కు పెళ్ళలు కనబడిన పన్ను విరిగినదన్నమాట. ఇత్తడి రంగు పొడి కనబడిన బుష్షులు పోవుచున్నవన్నమాట. పాలవలె తెల్లబడిన నీరు చేరినది. గేరు లీవరు మొదట నున్న తోలు సంచి చిరిగి వాన నీరు దిగుట పాత బండ్లలో మామూలే.

ఇంకొక సంగతి. క్రొత్తగ నేర్చుకొనువారు బరువుతో పల్లమునకు దిగునప్పుడు ఎడమ లీవరు లాగగా బండి కుడికి తిరిగెననియు, యంత్రము చెడిపోయెననియు బెదరిపోవుదురు. అది చెడలేదు. పల్లమున ఇంజను బండిని లాగుట లేదు, పట్టియుంచుచున్నది. ఎడమ పట్టాను విడిచినంతనే అది స్వేచ్ఛగ ముందుకు దొర్లి, బండిని కుడికి త్రిప్పును. ఇది తెలియక కట్టమీదనుండి బండితో పడి ప్రాణములు పోగొట్టుకొనువారుందురు. నా వ్యాసములో ఇతరమంతయు మరచినను, యువకులు ఈ ఒక్కటి మరువకుందురు గాక.

ఇక కథకు మరలుదము. హోల్టునకు డేనియల్ బెస్టు అను ప్రబల ప్రత్యర్థి యుండెను. ఆయనయు ఆవిరి ట్రాక్టర్ల నిర్మాతయే. పేటెంట్ల విషయమున ఇరువురికి వ్యాజ్యము నడచి, 1908లో రాజీపడి, బెస్టు తన కంపెనీని హోల్టునకే అమ్మివేసెను. అంతటితో తగవు తీరలేదు. బెస్టు కుమారుడు 1910లో వేరొక కంపెనీ పెట్టి తండ్రికంటె బలమైన ప్రత్యర్థి యాయెను. 1909లో హోల్టు అన్నకొడుకు ప్లైనీ హోల్టు ద్వారమున ఇల్లినాయ్ రాష్ట్రమున పియోరియా సమీపమున మూతపడియున్న కర్మాగారమును కొని, తూర్పు ప్రాంతములకు గూడ వ్యాపారము విస్తరించిరి.

1914లో ప్రథమ ప్రపంచయుద్ధము వచ్చినది. అంతకు పూర్వమే ఆస్ట్రియా-హంగరీలో హోల్టు ట్రాక్టర్లు పనిచేయుచుండెను. యుద్ధములో ఇంగ్లండు, ఫ్రాన్సు దేశములు పెద్ద ఫిరంగులను బురదలో లాగుటకు వాటిని వేలకొలది తెప్పించుకొనెను. బ్రిటిషు సైనికోద్యోగి ఎర్నెస్టు స్వింటన్ ఈ యంత్రమును గూర్చి మిత్రునివలన విని, దానికి కవచము తొడిగి తుపాకులు పెట్టినచో శత్రువుల కందకములను దాటవచ్చునని యూహించెను. 1916 సెప్టెంబరు 15వ తేదీన టాంకులు మొదటిసారి యుద్ధమున దిగినవి. ఆ బ్రిటిషు టాంకుల పట్టాలు వారు స్వయముగ కల్పించుకొన్నవే. కాని ఫ్రెంచివారి తొలి టాంకులు, జర్మనుల టాంకు కూడ హోల్టు యంత్రపు అడుగుకట్టు ననుసరించి నిర్మించినవి. ఇరుపక్షములకును ఆధారమొక్కటియే యగుట చూడుడు. 1918 ఏప్రిలులో స్వింటన్ స్టాక్టన్ పట్టణమునకు స్వయముగ వచ్చి హోల్టునకు బహిరంగముగ కృతజ్ఞత తెలిపెను.

ఈ భాగము వ్రాయుటకు నా కలము సంకోచించుచున్నది. తుంగనేలలో నాగలి లాగుటకు పుట్టిన యంత్రము మనుష్యులను త్రొక్కుటకు పోయినది. దానికి హోల్టును నిందించువారు గలరు, ఆ కారణమున కీర్తించువారును గలరు. ఆయన చేసినది ఫిరంగులను లాగు బండి; కవచమును తొడిగినవారు వేరొకరు. అయినను ఆ యుద్ధపు ఆర్డర్లవలన కంపెనీ ఎదిగినదనుట సత్యము. 1918లో యుద్ధము ముగియగనే ఆ ఎదుగుదలయే భారమైనది. సైన్యమునకు వలసిన పెద్ద యంత్రములు రైతులకు పనికిరాలేదు. సైన్యము వాడి విడిచిన ట్రాక్టర్లు కంపెనీ సరకునకే పోటీగ బజారున పడినవి. అప్పు పెరిగినది.

ఆ చిక్కులు తీరకమునుపే 1920 డిసెంబరు 5వ తేదీన, తన 71వ యేట, స్టాక్టన్‌లోనే హోల్టు మరణించెను. ఐదు సంవత్సరముల పిదప, 1925లో, ఆయన కంపెనీయు చిన్న బెస్టు కంపెనీయు ఏకమై క్యాటర్‌పిల్లర్ ట్రాక్టర్ కంపెనీ ఏర్పడినది. అందు నిలిచిన పేరు హోల్టు పెట్టినది. కాని ముఖ్యముగ అమ్ముడుపోయిన యంత్రములు, 30, 60 అను నంబర్లవి, బెస్టువారివి. పగవారి యిండ్లు రెండు వియ్యమందిన తరువాత ఎవరి ఆస్తి ఎవరిదో చెప్పుట ఎట్లు?

మన దేశమునకు ఈ యంత్రసంతతి వచ్చిన చరిత్ర వేరు గ్రంథము. రెండవ ప్రపంచయుద్ధానంతరము అమెరికా సైన్యము విడిచిపోయిన చైను ట్రాక్టర్లతో కేంద్ర ట్రాక్టరు సంస్థవారు మధ్యభారతమున రెల్లుగడ్డి అల్లుకొని బీడుపడిన భూములను లోతుగ దున్నించిరి. రెల్లువేరు ఎంత లోతు పోవునో గోదావరి లంకల రైతులకు తెలియును. ఎద్దుల నాగలికి అది లొంగదు. ఆ పనికే మరికొన్ని యంత్రములు కొనుటకు 1949లో భారతదేశము ప్రపంచ బ్యాంకునుండి ఋణము తీసికొనినది. పిదప 1964లో స్థాపితమైన భారత్ ఎర్త్ మూవర్స్ సంస్థ, తెలుగువారు పెక్కురు నివసించు కోలారు బంగారుగనుల ప్రాంతమున డోజర్లను మనదేశముననే తయారుచేసినది.

స్టాక్టన్ పట్టణమున హాగిన్ మ్యూజియం అను ప్రదర్శనశాల కలదు. అందు హోల్టువారి పాత కోతయంత్రమును, యుద్ధకాలపు 75 అశ్వశక్తుల చైను ట్రాక్టరును భద్రపరచి యుంచినారు. ఆ ట్రాక్టరునకు ముందు ఒంటి చక్రము, వెనుక ఇరుప్రక్కల పొడవైన పట్టాలు, నడుమ అందరికి కనబడునట్లు పెద్ద ఇంజను.